సెల్ అంటే గది

అనంతపురంలో పదో తరగతి చదువుతున్న ఒక విద్యార్థి ఈమధ్య నన్నొక ప్రశ్న అడిగాడు. జీవశాస్త్రంలో చదివేది సెల్, టార్చిలైటులో వేసేదీ సెల్లే, అమ్మ చేతిలో మోగేదీ సెల్లే. వీటి మధ్య చుట్టరికం ఏమైనా ఉందా, లేక ఇంగ్లీషువాళ్లకు మాటలు కరువయ్యాయా అని. రాయలసీమవాడికి ఈ జాబితా ఇంకా పెద్దది. కడప కేంద్ర కారాగారంలో ఖైదీ ఉండేది సెల్. కర్నూలుకు అవతల గని, శకునాల గ్రామాల దగ్గరి 1000 మెగావాట్ల సోలార్ పార్కులో ఎండను కరెంటుగా మార్చేదీ సెల్లే.

చుట్టరికం ఉంది. లాటిన్‌లో సెల్లా అంటే చిన్న గది. మఠాల్లో సన్యాసి ఒంటరిగా ఉండే గదికీ, తరువాత జైలు గదికీ అదే పేరైంది. 1665లో ఇంగ్లండు శాస్త్రవేత్త రాబర్ట్ హుక్ బెండు ముక్కను పలచగా కోసి సూక్ష్మదర్శిని కింద పెట్టినప్పుడు గోడలు, వాటి మధ్య ఖాళీలు కనబడ్డాయి. వాటిని సెల్స్ అన్నాడు. ఒక ఘనపు అంగుళం బెండులో అలాంటివి దాదాపు 126 కోట్లు ఉంటాయని లెక్క కూడా కట్టాడు. ఆయన చూసినవి చచ్చిన కణాల గోడలే. తెలుగులో దీనిని కణం అన్నాం, ఎలక్ట్రానునూ కణమే అన్నాం. అందువల్ల మన పిల్లలు జీవకణాన్ని గట్టి రేణువుగా ఊహించుకుంటున్నారు. సరంజామా నిండిన గది అని చెప్పి పాఠం మొదలుపెడితే సగం చిక్కు అక్కడే విడిపోతుందని నా నమ్మకం.

బ్యాటరీ సంగతి తేలికే: తొలినాళ్లలో పొడవైన తొట్టిని లోహపు పలకలతో అరలుగా విడదీసి ఆమ్లం పోసేవారు, ఒక్కో అర ఒక సెల్.

అసలు అందమంతా ఫోనులో ఉంది. సెల్‌ఫోను అనే పేరు ఫోను లోపలి వస్తువును బట్టి వచ్చింది కాదు, ఫోను తిరిగే నేలను గదులుగా పంచిన పద్ధతిని బట్టి వచ్చింది. 1947లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో డగ్లస్ రింగ్ అనే ఇంజనీరు ఈ ఆలోచనను కాగితం మీద పెట్టాడు. కడప పక్కనున్న కొండ మీద ఒకే పెద్ద టవరు, దానికి 70 చానళ్లు, అంటే ఒక్కొక్కటి ఒక్క సంభాషణను మోసే రేడియో దారులు, ఉన్నాయనుకుందాం. ఊరు మొత్తం మీద ఒకేసారి నడిచేవి 70 సంభాషణలే. అలా కాక ఊరిని 70 గదులుగా విడదీసి, చానళ్లను పదేసి చొప్పున ఏడు వాటాలు చేసి, నడిమి గదికి ఒక వాటా, చుట్టూ ఉన్న ఆరింటికి తలా ఒకటి ఇచ్చి, ఈ ఏడు గదుల గుత్తినే ఊరంతా పరుచుకుంటూ పోతే, 700 సంభాషణలు నడుస్తాయి. జాతరలో పక్కపక్కనున్న మైకులు ఒకదాని పాటను ఒకటి చెడగొడతాయి గానీ, నాలుగు ఊళ్ల అవతలి మైకుతో ఏ గొడవా ఉండదు కదా! గది వ్యాసార్థాన్ని సగానికి తగ్గిస్తే గదులు నాలుగింతలై, 2800 సంభాషణలకు చోటు దొరుకుతుంది. వీటికోసం కొత్తగా ఒక్క చానలు కూడా కొనక్కరలేదు.

ఈ గదులను ఆరు భుజాల ఆకారంలో గీస్తారు. ఆరే ఎందుకు? సందు లేకుండా నేలను కప్పగల క్రమ బహుభుజులు త్రిభుజం, చతురస్రం, షడ్భుజి మాత్రమే. టవరు నడుమ ఉండి, అతి దూరపు మూల ఒక కిలోమీటరులో ఉంటే, త్రిభుజం 1.3 చదరపు కిలోమీటర్లను, చతురస్రం 2, షడ్భుజి 2.6 చదరపు కిలోమీటర్లను కప్పుతాయి. అంటే షడ్భుజితో టవర్లు తక్కువ పడతాయి. గుత్తిలో ఎన్ని గదులైనా పెట్టుకుందామంటే కుదరదు. పూర్ణాంకాలు రెండు తీసుకుని, వాటి వర్గాలకు వాటి లబ్ధాన్ని కలిపితే వచ్చే 1, 3, 4, 7, 9, 12 వంటి సంఖ్యలే పనికొస్తాయి, ఐదు పనికిరాదు. ఏడు గదుల గుత్తిలో ఒకే వాటా వాడే రెండు టవర్ల మధ్య దూరం గది వ్యాసార్థానికి దాదాపు 4.6 రెట్లు. అయితే ఈ షడ్భుజి కాగితం మీదిదే. నేల మీద కొండలూ మేడలూ దాని ఆకారాన్ని వంకరలు తిప్పుతాయి. 4జీలోనైతే పక్క గదుల్లో కూడా అవే పౌనఃపున్యాలను వాడుకునే ఏర్పాటు ఉంది.

కర్నూలు నుంచి డోన్, గుత్తి మీదుగా అనంతపురం వచ్చే బస్సులో మాట్లాడుతూ కూర్చున్న మనిషిని ఒక గది ఇంకొక గదికి అప్పగిస్తూనే ఉంటుంది. మాట తెగదు గనుక అతనికి ఆ సంగతి తెలియదు. తమ వీధిలో టవరు వద్దని పట్టుబట్టేవారికి తెలియని సంగతి ఇంకొకటి ఉంది. టవరు దూరమైతే, దానికి వినబడేలా చెవి దగ్గరి ఫోనే తన ప్రసార శక్తిని పెంచుకుంటుంది.