ఒంటిపొర టెంటు: తగ్గే బరువు, చేరే నీరు

రాత్రంతా చుక్క వాన లేదు. అయినా తెల్లారేసరికి టెంటు లోపలివైపు నిండా నీటి బొట్లు, స్లీపింగ్ బ్యాగ్ కాళ్ల దగ్గర తడి. టెంటు కారుతోందనుకుని చాలామంది కుట్ల మీద సీలర్ పూస్తారు. ఆ నీరు చాలావరకు లోపల పడుకున్నవాళ్లదే.

నిద్రలో శ్వాస, చర్మం కలిపి ఒక్కో మనిషి నుంచి రాత్రికి సుమారు పావు లీటరు నీరు ఆవిరవుతుంది. ఇద్దరుంటే అర లీటరు. 10 డిగ్రీల దగ్గర ఒక ఘనపు మీటరు గాలి పట్టుకోగల ఆవిరి 9.4 గ్రాములే. చిన్న టెంటులో ఉండే గాలి రెండు ఘనపు మీటర్లు అనుకుంటే, అందులో 20 గ్రాములు కూడా ఇమడవు. మిగతాది బయటికి పోవాలి, లేదంటే గుడ్డకు పట్టాలి.

మబ్బు లేని రాత్రి ఆ గుడ్డ తన వేడిని పరారుణ కిరణాలుగా ఆకాశంలోకి వదిలేస్తుంది. పలచటిది కాబట్టి వేడి నిలవ ఉండదు. చుట్టూ ఉన్న గాలి కంటే కొన్ని డిగ్రీలు చల్లబడుతుంది. అందుకే ఖాళీ టెంటు మీద కూడా మంచు పడుతుంది. చెట్ల కింద వేస్తే ఈ చల్లబడటం తగ్గుతుంది. సరస్సు ఒడ్డు, పల్లం మాత్రం వద్దు: బరువైన చలిగాలి జారి అక్కడికే చేరుతుంది.

రెండు పొరల టెంటులోనూ నీరు చేరుతుంది. కాకపోతే అది పై పొరకు పడుతుంది, మధ్యలో లోపలి పొర అడ్డుంటుంది. ఒంటిపొర టెంటులో ఆ లోపలి పొరే ఉండదు, బరువు తగ్గేది అందుకే. డైనీమా అనే చాలా తేలికైన, గట్టి పీచు గుడ్డతో కుట్టి, ట్రెకింగ్ కర్రల మీదే నిలబెట్టే ఇద్దరి టెంట్లు 500–600 గ్రాముల్లో దొరుకుతున్నాయి. మామూలు రెండు పొరల టెంటు కిలోన్నర దాకా ఉంటుంది. మెక్సికో సరిహద్దు నుంచి కెనడా దాకా 4,200 కిలోమీటర్లకు పైగా సాగే పసిఫిక్ క్రెస్ట్ ట్రెయిల్ నడిచేవాళ్లకు వీపు మీద కిలో తగ్గడం చాలా పెద్ద విషయం.

అయితే టెంటు తూకం పొద్దున వెయ్యాలంటాను నేను. తడి తుడవకుండా మడిచిపెడితే ఆ నీళ్లనూ మోయాల్సిందే. సిలికాన్ పూసిన నైలాన్ తేమ పీల్చి సాగుతుంది. రాత్రి బిగించి కట్టిన టెంటు తెల్లారేసరికి వదులై ముఖానికి తగులుతుంది. డైనీమా పీల్చదు, చిన్న గుడ్డముక్కతో తుడిస్తే చాలు. దాని ధరే భయపెడుతుంది. అసలు ప్రమాదం మాత్రం బాతు నూగు నింపిన స్లీపింగ్ బ్యాగ్‌కు. తడిస్తే నూగు ఉండ కట్టి, వెచ్చదనం పోతుంది.

గాలి ఆడనిస్తే చాలావరకు సమస్య తీరుతుంది. చలి వేసినా తలుపు కొంచెం తెరిచి, అంచులు నేలకు ఎత్తుగా ఉంచాలి. ఈ ఉపాయం బయటి గాలి పొడిగా ఉన్నప్పుడే పనిచేస్తుంది. శీతాకాలపు తెల్లవారుజామున లంబసింగి, వంజంగి లాంటి చోట్ల పొగమంచు కమ్మితే గాలే తేమతో నిండి ఉంటుంది. తలుపు తీస్తే లోపలికి వచ్చేదీ తేమే. అలాంటి చోటికి నేనైతే ఆ కిలో మోసుకుని రెండు పొరల టెంటే తీసుకెళ్తాను.