సితార రాలేదు, కిరణ్ దిగలేదు

2025 ఫిబ్రవరిలో మామునూరు ఎయిర్‌పోర్టుకు కేంద్రం అనుమతి వచ్చినప్పటి నుంచి వరంగల్‌లో ఎక్కడ కూర్చున్నా విమానాల ముచ్చటే. నిజాం కాలం నాటి ఆ రన్‌వే మీద ప్రయాణికుల విమానాలు ఆగిపోయి నాలుగు దశాబ్దాలు దాటింది. ఇన్నేళ్లూ మనకు విమానమంటే టీవీలో చూసేదే. మెదక్ వైపు ఊళ్లవాళ్ల సంగతి వేరు. దుండిగల్‌లో ఎయిర్‌ఫోర్స్ అకాడమీ ఉండటంతో వాళ్లకు ‘గాలిమోటరు’ చప్పుడు మామూలే. అకాడమీలోనూ, హకీంపేటలోనూ ఏళ్లతరబడి పైలట్లను తయారుచేసిన జెట్ పేరు కిరణ్.

బెంగళూరులో విమానాలు తయారుచేసే ప్రభుత్వ సంస్థ హెచ్‌ఏఎల్ ఇంజనీర్ వి.ఎం. ఘాట్గే బృందం దాన్ని రూపొందించింది. 1964 సెప్టెంబర్ 4న తొలిసారి ఎగిరింది. 1968 నుంచి వాయుసేనలో చేరుతూ పాత వాంపైర్ జెట్ల స్థానం తీసుకుంది. డ్రైవింగ్ స్కూలు కారులో లాగా గురువు, శిష్యుడు ఇందులో పక్కపక్కనే కూర్చుంటారు. కుర్రాడి చేయి వణికినా గురువుకు తెలిసిపోతుంది. మొదటి రకం 190, ఆయుధాలు మోయగల మార్క్-2 రకం 61 తయారయ్యాయి. మార్క్-2కు బిగించింది నాట్ యుద్ధవిమానంలోని ఆర్ఫియస్ ఇంజనే.

1996లో ఈ మార్క్-2లతోనే బీదర్‌లో వాయుసేన విన్యాసాల జట్టు సూర్యకిరణ్ పుట్టింది. తొమ్మిది విమానాలు రెక్కలు రాసుకున్నట్టు ఎగురుతుంటే జనం నోరు తెరిచి చూసేవారు. నేవీ జట్టు సాగర్ పవన్ కూడా కిరణ్‌లే వాడింది. 2010 మార్చి 3న బేగంపేట ప్రదర్శనలో వాటిలో ఒకటి కూలి ఇద్దరు అధికారులు చనిపోయారు.

అప్పటికే కిరణ్‌ను పక్కన పెట్టాల్సింది. దాని స్థానంలోకి రావాల్సిన కొత్త శిక్షణ జెట్ సితార 2003 మార్చిలోనే గాల్లోకి లేచింది కూడా. మరి ఎక్కడ ఆగింది? స్పిన్ దగ్గర. అంటే విమానం పట్టు తప్పి గింగిరాలు తిరుగుతూ కిందికి జారడం. శిక్షణలో కుర్రాళ్ల చేత దీన్ని కావాలనే చేయించి, బయటపడటం నేర్పుతారు. అలాంటిది, స్పిన్ నుంచి సరిగా తేరుకోని విమానం ట్రైనర్‌గా ఎలా పనికొస్తుంది? సితారను ఏళ్లపాటు సతాయించింది ఇదే.

దీనికి తోడు 2009 జులైలో మెదక్ జిల్లాలో తొలి మెట్టు శిక్షణ విమానం హెచ్‌పీటీ-32 కూలి ఇద్దరు శిక్షకులు మరణించారు. ఆ రకం మొత్తాన్నీ ఆపేశారు. దాంతో ఓనమాలు నేర్పే పని కూడా కిరణ్ నెత్తినే పడింది. విమానాలు చాలక 2011లో సూర్యకిరణ్ జట్టునే ఆపాల్సి వచ్చింది. కిరణ్ ముసలిదైందని నవ్వేవాళ్లు ఈ సంగతి మరిచిపోతారు. 2013లో స్విట్జర్లాండ్ నుంచి పిలాటస్ శిక్షణ విమానాలు వచ్చాక తొలి మెట్టు వాటికి పోయింది, రెండో మెట్టు మాత్రం కిరణ్‌దే. ఆ తర్వాతి మెట్టు బీదర్‌లో హాక్ జెట్‌ది. 2015లో తిరిగొచ్చిన సూర్యకిరణ్ జట్టు కూడా హాక్‌లకే మారింది, పాత పేరు మాత్రం వదల్లేదు.

సితార స్పిన్ లోపాన్ని చివరికి సరిదిద్దారు. 2025లో దాని పేరు యశస్‌గా మార్చారు. అప్పటికి కిరణ్ తొలిసారి ఎగిరి అరవై ఏళ్లు దాటింది.