నీటి అంచు దాకా లాన్ ఎలా వచ్చింది

సరస్సు పక్కన ఇల్లంటే చాలామందికి గుమ్మం నుంచి నీళ్ల దాకా పరుచుకున్న పచ్చికే గుర్తొస్తుంది. ఈ ముచ్చట 18వ శతాబ్దపు ఇంగ్లండ్ దొరలది. 1760లలో బ్లెన్‌హీమ్ ప్యాలెస్ దగ్గర తోటల రూపశిల్పి ‘కేపబిలిటీ’ బ్రౌన్ చిన్న ఏటికి అడ్డుకట్ట వేయించి సరస్సు చేశాడు, గడ్డిని దాని అంచు దాకా దించాడు. 1830లో ఎడ్విన్ బడ్డింగ్ గడ్డి కోసే యంత్రానికి పేటెంట్ పొందాక ఆ సోకు మెల్లగా మామూలు ఇళ్లకూ పాకింది.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఉత్తర అమెరికా సరస్సుల వెంట విడిది ఇళ్లు బారులు తీరాయి. తుంగ పీకేశారు, నీళ్లలోకి ఒరిగిన చెట్లు లాగేశారు, ఒడ్డు కోసుకుపోకుండా గోడలు కట్టారు. అసలు తంటా ఆ గోడతోనే. వాలుగా ఉన్న ఒడ్డు మీద అల పాకి చల్లబడుతుంది. నిలువు గోడకు కొట్టుకున్న అల ఊపు తగ్గకుండా వెనక్కి మళ్లి, గోడ మొదట్లో మట్టిని తవ్వుకుపోతుంది. చివరికి పునాది బయటపడి గోడే నీళ్లవైపు ఒరుగుతుంది.

నీళ్లు పచ్చబడటానికి కారణమేమిటన్నది వేరే తగవు. 1973లో కెనడాలోని ఒంటారియోలో శాస్త్రవేత్త డేవిడ్ షిండ్లర్ బృందం 226 నంబరు సరస్సును తెరతో రెండుగా చీల్చింది. రెండు వైపులా కార్బన్, నత్రజని వేసి, ఒక వైపు మాత్రం భాస్వరం కలిపింది. ఆ సగమే నాచుతో చిక్కబడింది. లాన్‌కు చల్లే ఎరువు మీద జనం కన్ను పడటానికి ఇంకా ఏళ్లు పట్టింది: అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రమంతటా భాస్వరపు లాన్ ఎరువులకు కళ్లెం పడింది 2005లో.

ఇల్లు ఎక్కడ కట్టాలన్న రూలు అంతకుముందే ఉంది. అమెరికాలోనే విస్కాన్సిన్ రాష్ట్రంలో 1966 చట్టంతో వచ్చిన నిబంధనల ప్రకారం ఇల్లు నీటికి 75 అడుగుల దూరాన ఉండాలి, ఒడ్డున 35 అడుగుల మేర చెట్లను ఇష్టమొచ్చినట్టు నరకకూడదు. కానీ అప్పటికే లేచిన ఇళ్లు అక్కడే ఉండిపోయాయి. ఇప్పుడు ఒడ్డును మళ్లీ చెట్లతో, తుంగతో నింపమని ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్టుల (ఇంటి చుట్టూ నేలను తీర్చిదిద్దేవాళ్ల) చేతికొచ్చేవి ఎక్కువగా అలాంటివే.

ఇంటివాళ్ల మొదటి భయం, చెట్లు పెడితే నీళ్లు కనబడవని. న్యాయమైన భయమే. అందుకే కిటికీకి ఎదురుగా కింది కొమ్మలు మాత్రమే తీస్తారు. నీళ్లకు దిగే బాటను తిన్నగా వేస్తే వానకు కాలువైపోతుంది కాబట్టి వంపులు తిప్పుతారు. గోడ తీసిన చోట కొబ్బరి పీచు చుట్టలు పరిచి, మేకులతో బిగించి, సందుల్లో తుంగ నాటుతారు. ఆ పీచు కొన్నేళ్లకు కుళ్లిపోతుంది. ఆలోగా వేళ్లు మట్టిని పట్టుకోవాలి.