టీసార్ట్: అపోహలు - వాస్తవాలు

డేటాబేస్ టేబుళ్లలో ఏది ముందు క్రియేట్ చేయాలో తేల్చడానికి నా స్క్రిప్టుల్లో టీసార్ట్ (tsort) కమాండే వాడతాను. ఏది దేనికి ముందు రావాలో జతలుగా ఇస్తే, అన్నిటికీ కుదిరే ఒక వరుస ఇస్తుంది. లినక్స్‌లో ఎలాగూ ఉంటుంది. కానీ దీని గురించి అపోహలు తక్కువేం కాదు.

అపోహ: సార్ట్ కమాండుకే ఇది ఇంకో రూపం.
కాదు. సార్ట్ ఏ రెండు లైన్లనైనా పోల్చగలదు. ఇక్కడ యూజర్స్, ప్రొడక్ట్స్ టేబుళ్లకు ఒకదాంతో ఒకటి సంబంధమే లేకపోవచ్చు. ఆర్డర్స్ మాత్రం రెండింటి తర్వాతే రావాలి.

అపోహ: ఒక్కో లైనులో ఒక టేబుల్, దాని పక్కన దానికి కావాల్సినవన్నీ రాస్తే చాలు.
ఎక్కువమంది పప్పులో కాలేసేది ఇక్కడే. టీసార్ట్‌కి లైన్లతో పని లేదు, పదాలను రెండేసి చొప్పున తీసుకుంటూ పోతుంది. మొత్తం పదాలు బేసి సంఖ్యలో ఉంటే ఎర్రర్ ఇస్తుంది, అది మన అదృష్టం. సరి సంఖ్యలో ఉంటే కిక్కురుమనకుండా తప్పుడు జతలతో వరుస ఇచ్చేస్తుంది. పైగా మేక్‌ఫైల్ (ప్రోగ్రామ్ బిల్డ్ చేసే ఫైల్; అందులో ముందు తయారయ్యేది, తర్వాత దానికి కావాల్సినవి రాస్తారు) అలవాటుతో ‘ఆర్డర్స్ యూజర్స్’ అని రాస్తారు. ముందు రావాల్సిందే ముందుండాలి: ‘యూజర్స్ ఆర్డర్స్’. అన్నీ తిరగేసి రాసేసి ఉంటే ఔట్‌పుట్‌ని లైన్లను కింద నుంచి పైకి తిప్పే టాక్ (tac) కమాండుకి పైప్ చేయండి, సరిపోతుంది. దేనితోనూ సంబంధం లేని టేబుల్‌ని ‘లాగ్స్ లాగ్స్’ అని రెండుసార్లు రాయాలి.

అపోహ: వచ్చిన వరుస ఒక్కటే సరైనది.
సరైనవాటిలో అదొకటి, అంతే. గ్నూ వెర్షన్ ఒకటివ్వొచ్చు, బీఎస్‌డీ వెర్షన్ ఇంకోటివ్వొచ్చు. కాబట్టి టెస్టుల్లో ఔట్‌పుట్‌ని యథాతథంగా పోల్చకండి. ప్రతి జతలో మొదటిది ముందొచ్చిందా లేదా అన్నది చూడండి.

అపోహ: ఇది కాలం చెల్లిన కమాండ్.
1979 నాటి ఏడో ఎడిషన్ యూనిక్స్‌లోనే ఉన్న మాట నిజం. లైబ్రరీలో ఆబ్జెక్ట్ ఫైళ్లను లింకర్‌కి (వాటిని కలిపి ప్రోగ్రామ్ చేసేదానికి) నచ్చిన వరుసలో పెట్టడానికి, ఏ ఫైల్ దేని మీద ఆధారపడిందో చెప్పే లార్డర్ (lorder) కమాండుతో కలిపి వాడేవారు. లైబ్రరీకి ఇండెక్స్ తయారుచేసే రాన్‌లిబ్ (ranlib) వచ్చాక ఆ అవసరం తీరిపోయింది, కమాండ్ మాత్రం మిగిలింది.

అపోహ: డిపెండెన్సీలు చక్రంలా తిరిగితే (ఒకదానికి రెండోది, రెండోదానికి మళ్లీ మొదటిది కావాల్సివస్తే) ఔట్‌పుట్ రాదు.
గ్నూ టీసార్ట్‌లో వస్తుంది! లూప్‌లో ఉన్న పేర్లను ఎర్రర్ స్ట్రీమ్‌లో చూపిస్తుంది, ఆ లూప్‌ని తెంచి మిగతాదంతా మామూలుగానే ప్రింట్ చేస్తుంది. ఎగ్జిట్ స్టేటస్ మాత్రం సున్నా (అంటే అంతా సవ్యం) రాదు. ఆ ఔట్‌పుట్‌ని నేరుగా ఇంకో కమాండుకి పైప్ చేస్తే ఆ స్టేటస్ మీకు కనబడదు. బాష్ స్క్రిప్టయితే పైన పైప్‌ఫెయిల్ (set -o pipefail) పెట్టండి, పైప్‌లో ఏ కమాండ్ ఫెయిలైనా తెలుస్తుంది. లేదంటే ముందు ఒక ఫైల్లోకి రాయించి, స్టేటస్ చూశాకే వాడండి.