అడాప్టర్ ఉంటే ఏ లెన్సైనా పనిచేస్తుందా? పాత మాన్యువల్ లెన్సులపై అపోహలు, వాస్తవాలు

"లెన్సు కొన్నాను, అడాప్టరూ కొన్నాను. దగ్గర్లో ఉన్న పువ్వు బ్రహ్మాండంగా వస్తోంది, దూరంగా ఉన్న కొండ మాత్రం మసక. లెన్సు పాడైందా?" పాత లెన్సుల ముచ్చట వచ్చిన ప్రతిచోటా ఈ ప్రశ్న తప్పదు. అడిగేవాళ్ల చేతిలో చాలాసార్లు నికాన్ డీ3500, డీ5600 లాంటి డీఎస్‌ఎల్‌ఆర్ ఉంటుంది, దానికి అడాప్టర్ అనే మధ్య రింగుతో హీలియోస్ 44-2 తగిలించి ఉంటుంది. అది ఎం42 అనే మర బిగింపు ఉన్న 58 ఎంఎం పాత సోవియట్ లెన్సు. కంగారు పడకండి, లెన్సుకి ఏ రోగమూ లేదు, కెమెరాకీ లేదు. ఆ రెంటికీ జత కుదరదు, అంతే.

అపోహ: అడాప్టర్ దొరికితే ఏ లెన్సైనా ఏ కెమెరాకైనా పనిచేస్తుంది.

డబ్బులు ఎక్కువగా పోయేది ఈ ఒక్క మాట నమ్మే. అడాప్టర్ బిగుసుకోవడం వేరు, ఇన్ఫినిటీకి, అంటే చాలా దూరపు వస్తువులకి, ఫోకస్ రావడం వేరు. మౌంట్ (లెన్సు కెమెరాకి బిగుసుకునే చోటు) అంచు నుంచి ఫిల్మ్ లేదా సెన్సర్ దాకా ఇంత దూరం ఉంటుందన్న లెక్కతోనే ప్రతి లెన్సూ తయారవుతుంది. దాన్నే ఫ్లాంజ్ దూరం అంటారు. ఎం42కి అది 45.46 మి.మీ., నికాన్ ఎఫ్ మౌంట్‌కి 46.5 మి.మీ. అంటే అడాప్టర్‌కి అసలు మందమే లేదనుకున్నా, నికాన్ బాడీ మీద ఎం42 లెన్సు ఉండాల్సిన చోటు కంటే 1.04 మి.మీ. ముందే ఆగిపోతుంది.

ఒక్క మిల్లీమీటరుకి ఏమవుతుందిలే అనిపిస్తుంది. 58 ఎంఎం లెన్సుకి ఆ మిల్లీమీటరే చాలు, మూడు మీటర్ల చిల్లర దాటాక ఏదీ షార్ప్‌గా రాదు. అడాప్టర్ అంచు మందం ఇంకో మిల్లీమీటరు కలిస్తే ఆ హద్దు ఒకటిన్నర మీటర్ల దగ్గరికి జారుతుంది. లెక్క ఎవరైనా వేసుకోవచ్చు: ఫోకల్ లెంగ్త్‌ని (లెన్సు మీద రాసిన ఎంఎం అంకె) దానితోనే గుణించి, అదనంగా పడిన మిల్లీమీటర్లతో భాగించండి. ఆ లెన్సు చూడగల ఆఖరి దూరం సుమారుగా మిల్లీమీటర్లలో వస్తుంది. అదే 135 ఎంఎం లెన్సైతే ఒక మిల్లీమీటరు తేడా ఉన్నా 17 మీటర్ల దాకా పనిచేస్తుంది కాబట్టి పోర్ట్రెయిట్లు తీసేవాళ్లకి లోపమే తెలియదు. అందుకే ఒకాయన "నాకు బాగానే ఉందే" అంటాడు, ఇంకొకాయన మంచి లెన్సుని విప్పి దేనికోసమో వెతుకుతుంటాడు.

దీనికి మందుగా మధ్యలో గాజు ఉన్న అడాప్టర్ అమ్ముతారు. ఇన్ఫినిటీ వస్తుంది, నిజమే. ఆ గాజు చిన్న టెలికన్వర్టర్‌లా, అంటే బొమ్మని పెద్దది చేసే గాజులా, పనిచేస్తుంది: ఫ్రేములో పట్టే దృశ్యం తగ్గుతుంది, వెలుతురు కొంత పోతుంది, అపర్చర్ (వెలుతురు వచ్చే రంధ్రం) పూర్తిగా తెరిస్తే బొమ్మ మీద పాలపొర కమ్మినట్టు ఉంటుంది. లెన్సు స్వభావం కోసం కొని, దాని వెనక చవక గాజు పెట్టుకుని చూసినట్టు.

కెనాన్ పాత మాన్యువల్ వరుస ఎఫ్‌డీ లెన్సులదీ ఇదే కథ. ఎఫ్‌డీ ఫ్లాంజ్ దూరం 42 మి.మీ., 1987లో వచ్చిన ఈఓఎస్ (కెనాన్ ఆటోఫోకస్ వరుస) బాడీలది 44. రెండు మిల్లీమీటర్ల తేడాతో 50 ఎంఎం లెన్సు మీటరుంపావు దగ్గరే ఆగిపోతుంది. "కెనాన్ లెన్సే కదా, కెనాన్ 1500డీకి పట్టదా" అని కొంటారు. పట్టదు. కెనాన్ స్వయంగా తయారుచేసిన ఎఫ్‌డీ–ఈఓఎస్ కన్వర్టర్‌లో కూడా గాజే ఉంది, 1.26 రెట్లు పెంచుతుంది, అదీ ఎంపిక చేసిన కొన్ని టెలిఫొటోలకే.

మరి ఏది కుదురుతుంది? లెన్సు ఫ్లాంజ్ దూరం కెమెరా దాని కంటే ఎక్కువ ఉండాలి. కెనాన్ ఈఓఎస్ డీఎస్‌ఎల్‌ఆర్‌కి ఎం42 (1.46 మి.మీ. మిగులు), నికాన్ ఎఫ్ (2.5), ఒలింపస్ ఓఎం (2) గాజు లేకుండానే కుదురుతాయి. అయితే ఫుల్‌ఫ్రేమ్ (35 ఎంఎం ఫిల్మంత పెద్ద సెన్సర్ ఉన్న) ఈఓఎస్‌లలో లోపలి అద్దం పెద్దది. కొన్ని 50 ఎంఎం ఎఫ్1.4 లెన్సుల వెనక భాగం ఇన్ఫినిటీ దగ్గర అద్దానికి తగులుతుంది, మొదటిసారి లైవ్ వ్యూలో పెట్టి చూసుకోండి. లోపల అద్దమే లేని మిర్రర్‌లెస్ కెమెరాల్లో ఈ తలనొప్పే లేదు. సోనీ ఈ 18, ఫుజీ ఎక్స్ 17.7, కెనాన్ ఆర్‌ఎఫ్ 20, నికాన్ జెడ్ 16 మి.మీ. పాత ఎస్‌ఎల్‌ఆర్ లెన్సులన్నిటికీ బోలెడు చోటు. నికాన్ డీఎస్‌ఎల్‌ఆర్ మాత్రమే ఉన్నవాళ్లు ఎం42 జోలికి పోకుండా నికాన్ పాత లెన్సులే కొనుక్కోవడం మేలు.

వాటికీ ఒక మెలిక ఉంది. డీ3000, డీ5000 వరుస బాడీల్లో, డీ7500లో ఏఐ లీవర్ (పాత లెన్సు అపర్చర్ రింగు ఎక్కడుందో బాడీకి చెప్పే చిన్న మీట) లేదు. ఏఐ లెన్సు బిగుస్తుంది కానీ వెలుతురు కొలిచే మీటర్ పనిచేయదు, 'ఎం' (మాన్యువల్) మోడ్‌లో పెట్టి హిస్టోగ్రామ్ (వెలుగునీడల గ్రాఫు) చూసి సరిచేసుకోవాలి. డీ7200కి ఆ లీవర్ ఉంది, మీటర్ చూపిస్తుంది. 1977కి ముందరి నాన్-ఏఐ లెన్సులతో సంగతి తిరగబడుతుంది: లీవర్ ఉన్న బాడీకి వాటిని బలవంతంగా తిప్పితే లీవరే విరుగుతుంది.

అపోహ: రింగు తిప్పినా అపర్చర్ బ్లేడ్లు కదలట్లేదంటే లెన్సు చెడినట్టే.

ఎం42 ఆటో లెన్సుల వెనక ఒక పిన్ను ఉంటుంది. అది నొక్కి ఉంటేనే బ్లేడ్లు మూసుకుంటాయి. లెన్సు మీద ఏ/ఎం (ఆటో/మాన్యువల్) స్విచ్ ఉంటే ఎం వైపు పెట్టండి. హీలియోస్ 44ఎం-4 లాంటి వాటికి ఆ స్విచ్ లేదు, వాటికి పిన్నుని నొక్కే అంచు ఉన్న అడాప్టర్ కావాలి. అనుమానం తీరాలంటే వేలితో పిన్ను నొక్కి రింగు తిప్పి చూడండి. 44-2కి పిన్నే లేదు, ప్రీసెట్ రింగు ఎఫ్16 దగ్గర పెట్టి రెండో రింగు తిప్పితే మూసుకుంటుంది. షట్టరే పడటం లేదంటారా? మిర్రర్‌లెస్ మెనూలో 'లెన్సు లేకుండా రిలీజ్' ఆన్ చేయాలి.

అపోహ: హీలియోస్ పెడితే ప్రతి ఫొటోలో వెనక మసక దృశ్యం సుడి తిరుగుతుంది.

అపర్చర్ పూర్తిగా తెరిచి ఎఫ్2 దగ్గర, మనిషి ఒకటిన్నర రెండు మీటర్లలో ఉండి, వెనక కొన్ని మీటర్ల దూరంలో ఎండ జల్లులా పడే ఆకులుంటే తిరుగుతుంది. సాదా గోడ ముందు ఏమీ కనబడదు. ఎఫ్4కి తగ్గిస్తే దాదాపు మాయం. సుడి ఫ్రేము అంచుల్లో ఉంటుంది కాబట్టి ఫుల్‌ఫ్రేమ్ కంటే చిన్నదైన ఏపీఎస్-సీ సెన్సర్ దాన్ని చాలావరకు కత్తిరించేస్తుంది.

ఫోకస్ పీకింగ్ (షార్ప్‌గా ఉన్న అంచుల మీద తెరపై రంగు చూపించే సాయం) రంగు మెరిస్తే ఫోకస్ వచ్చినట్టే అనుకోవడం కూడా పొరపాటే. 58 ఎంఎం, ఎఫ్2, ఒక మీటరు దూరంలో ఫుల్‌ఫ్రేమ్ మీద షార్ప్‌గా ఉండేది మొత్తం మూడున్నర సెంటీమీటర్లు. కనుబొమ్మ, కన్ను, చెంప అన్నిటి మీదా రంగు మెరుస్తుంది. కంటిని పెద్దది చేసి చూసుకోండి. లెన్సు మీది ఇన్ఫినిటీ గుర్తునీ నమ్మొద్దు, అడాప్టర్లు చాలావరకు కావాలనే కాస్త పొట్టిగా చేస్తారు, గుర్తుకి ముందే ఫోకస్ వచ్చేస్తుంది.

మిగతావి గబగబా. బాడీలో స్టెబిలైజేషన్ (చేతి వణుకుని సరిచేసే ఏర్పాటు) ఉంటే ఫోకల్ లెంగ్త్ 58 అనే ఇవ్వండి, చిన్న సెన్సర్ క్రాప్ 1.5తో గుణించిన 87 కాదు. గాజులో చిన్న బుడగలు, నాలుగు ధూళి రేణువులు ఫొటోలో కనబడవు. వెనక గాజు మీద గీతకి భయపడండి, ముందు గాజు మీద గీతకి అంత అక్కర్లేదు. ఫోన్ టార్చి వెనక నుంచి వేస్తే లోపల పొగమంచులా ఉందంటే వదిలేయండి. కాస్త రేడియోధార్మికత ఉండే థోరియం గాజున్న పాత సూపర్ తాకుమార్ 50 ఎంఎం ఎఫ్1.4 వాడితే జబ్బు చేయదు, పగలగొట్టి పొడి పీల్చకుండా ఉంటే చాలు. దాని పసుపు యూవీ దీపం కింద కొన్ని రోజులుంచితే తగ్గుతుంది.

ఫంగస్ (గాజు మీద పెరిగే బూజు) పక్క లెన్సుకి అంటుకుంటుందని బెంబేలెత్తి అన్నీ అమ్మేసేవాళ్లున్నారు. బీజాలు గాలిలో ఎప్పుడూ ఉంటాయి, వాటిని పెంచేది తేమ. విశాఖ, కాకినాడ లాంటి తీరపు ఊళ్లలో తోలు కేసే అసలు శత్రువు. గాలి చొరని డబ్బా, సిలికా జెల్, తేమ కొలిచే చిన్న హైగ్రోమీటర్ పెట్టి తేమ 40–50 శాతం మధ్య ఉంచండి. సిలికా గింజల రంగు మారితే వేడిచేసి మళ్లీ వాడండి. ఎండలో పెడితే గ్రీజు కరిగి బ్లేడ్ల మీదకి పాకుతుంది. బియ్యం డబ్బాలో పెడితే తవుడు ఫోకస్ రింగులో చేరుతుంది.