వ్యూస్ రెండు లక్షలు, పార్సెళ్లు తొమ్మిది: ఆన్‌లైన్ యాడ్స్ మీద అపోహలు, వాస్తవాలు

మొన్న ఆదివారం పొద్దున్నే ఫోన్ మోగింది, ఇంకా కాఫీ కూడా తాగలేదు. "మన రీల్ లక్ష దాటిందండీ, మరి షాపుకి ఎవరూ రావట్లేదేంటండీ?" మండపేట వైపు ఫర్నిచర్ షాపాయన. గొంతులో సంతోషం, టెన్షన్ రెండూ కలిసి ఉన్నాయి. రావులపాలెంలో చిన్న ఆఫీసు పెట్టుకుని స్వీట్ల వాళ్లకీ, నర్సరీలకీ, రొయ్యల మేత డీలర్లకీ యాడ్స్ చూసుకునే నాకు నెలకి నాలుగైదుసార్లయినా ఈ ఫోన్ వస్తుంది. మనుషులు మారతారు గానీ ప్రశ్న మాత్రం అదే. అడిగినవాళ్లందరికీ విడివిడిగా చెప్పే ఓపిక అయిపోయింది, అందుకే రాస్తున్నాను.

అపోహ: వ్యూస్ వస్తే యాడ్ పనిచేసినట్టే.

కాదు. జనం డబ్బు ఎక్కువగా పోయేది ఇక్కడే కాబట్టి ఎక్కువసేపు ఇక్కడే ఉంటాను.

ఫేస్‌బుక్, ఇన్‌స్టా యాడ్స్ పెట్టే యాడ్స్ మేనేజర్ తెరవగానే మీకేం కావాలో అడుగుతుంది. వ్యూస్ కావాలంటే వీడియోలు చూసే అలవాటున్నవాళ్లను వెతికి వాళ్లకే చూపిస్తుంది. కాకినాడ బస్సులో కిటికీ పక్కన కూర్చుని బొటనవేలితో రీల్స్ తోసుకుంటూ పోయే కుర్రాడు దానికి బంగారం, మీకేమో వాడితో పని లేదు. మెసేజ్‌లు కావాలని చెబితే మెసేజ్ పెట్టే రకం మనుషుల వైపు వెళ్తుంది. వాళ్లు తక్కువమందే ఉంటారు, ఖర్చూ ఎక్కువే, అందుకని అంకె చిన్నగా కనిపించి మీకు గుండె జారుతుంది. అది మిమ్మల్ని మోసం చేయలేదు, అడిగిందే ఇచ్చింది. పైగా ఇన్‌స్టాలో ఒకే మనిషి రెండోసారి చూసినా ఇంకో వ్యూ కిందే లెక్క. లక్ష వ్యూస్ అంటే లక్షమంది అనుకుని తమ్ముళ్లకీ బావమరుదులకీ స్క్రీన్‌షాట్లు పంపేవాళ్లను చూస్తే నవ్వాలో జాలిపడాలో తెలియదు.

ఆత్రేయపురం దగ్గర పూతరేకులు చేసే ఒకావిడ ఉన్నారు. 2023లో ఆత్రేయపురం పూతరేకులకి జీఐ గుర్తింపు (ఫలానా ఊరి ప్రత్యేకత అని చెప్పే ముద్ర) వచ్చాక ఇక పార్సెళ్లు బాగా పోతాయని ఆశపడి నా దగ్గరికి వచ్చారు. నేను అందరూ చేసేదే చేశాను, తయారీ వీడియో తీశాను. బోర్లించిన కుండ, కింద మంట, పిండిలో ముంచిన గుడ్డ కుండ మీద ఒక్కసారి పరిచి లాగితే పొగలోంచి లేచే పల్చటి రేకు. చూడటానికి ఎంత బాగుంటుందో మీకు తెలుసు. రెండు లక్షల నలభై వేల వ్యూస్ వచ్చాయి. పోయిన పార్సెళ్లు తొమ్మిది. ఆవిడ నన్నేమీ అనలేదు. "పోన్లే బాబూ, ఊరి పేరు నలుగురికీ తెలిసిందిగా" అన్నారు. అలా అనేసరికి ఇంకా సిగ్గేసింది.

ఆ రాత్రి యాడ్ అంకెలు చూపించే డాష్‌బోర్డ్ మూసేసి, ఆవిడ వాట్సాప్ బిజినెస్‌లో వచ్చిన మెసేజ్‌లు మొదటినుంచీ చదివాను. మొత్తం అరవై ఒకటి. వాటిలో ఇరవై మూడు, మాటలు వేరైనా, ఒకటే అడుగుతున్నాయి: పార్సెల్‌లో విరిగిపోవా? ఇంకో పదిహేడు ఎన్నాళ్లు నిలవుంటాయని. ఎనిమిది ధర గురించి. మిగతావి ఉత్త "హాయ్"లు. అంటే నేను చూపించింది ఆవిడ పనితనం, జనం భయపడుతున్నది కొరియర్ వాడి గురించి. పూతరేకు ఎలా చేస్తారో కొనేవాడికి వింతగా ఉండొచ్చు గానీ, హైదరాబాద్‌లో డబ్బా తెరిచేసరికి పొడి మిగులుతుందేమోనన్న అనుమానం తీరితేనే డబ్బు పంపుతాడు.

రెండో వీడియో అరుగు మీదే తీశాం. ఖర్చు లేదు, లైట్లు లేవు. వాళ్లబ్బాయి పది రేకుల డబ్బా ప్యాక్ చేసి నడుమెత్తు నుంచి మూడుసార్లు కింద పడేశాడు, తర్వాత ఆవిడే తెరిచారు. తొమ్మిది బాగున్నాయి, ఒకటి చివర చిట్లింది. "అది తీసెయ్ బాబూ, పరువు పోతుంది" అన్నారు. నేను తీయలేదు. అది ఉంటేనే మిగతా తొమ్మిదీ నమ్ముతారు. ఆ వీడియోకి వ్యూస్ పద్నాలుగు వేలే. రెండు వారాల్లో పార్సెళ్లు డెబ్బై దాటాయి.

డేటా అంటే అంకెల పట్టిక అనుకుంటారు. ఆ అరవై ఒక్క మెసేజ్‌లే డేటా. క్రియేటివిటీ అంటే డ్రోన్ షాట్లనీ, సినిమా పాటలనీ అనుకుంటారు. అక్కడ డబ్బా కింద పడేయడమే క్రియేటివిటీ, ఆ మెసేజ్‌లు చదవకపోతే నాకది తట్టేదే కాదు.

ఇంకో మాట. డాష్‌బోర్డ్‌కి అన్నీ కనపడవు. 2021 నుంచి ఐఫోన్లలో యాప్‌లు ట్రాకింగ్‌కి, అంటే మనం వేరే యాప్‌లలో, సైట్లలో ఏం చేస్తున్నామో గమనించడానికి, అనుమతి అడగాల్సి వస్తోంది, చాలామంది వద్దంటారు. మన దగ్గరైతే యాడ్ చూసి నంబరు పక్కింటాయనకి ఇచ్చేవాళ్లూ, ఫోన్ జేబులో పెట్టుకుని నేరుగా షాపుకే వచ్చేవాళ్లూ ఎక్కువ. అందుకే గల్లాపెట్టె పక్కన ఒక నోటు పుస్తకం పెట్టండి. ఎక్కడ చూసి వచ్చారు, ఏమడిగారు, కొన్నారా లేదా. మూడు గళ్లు చాలు. ఇది చెబితే "ఇంత చదువుకుని నోటు పుస్తకమా అండీ" అంటారు. ఆయ్, నోటు పుస్తకమే.

అపోహ: అర్ధరాత్రి వచ్చే క్లిక్కులన్నీ దొంగవి.

ఇది నా తప్పే, ఒప్పుకుంటున్నాను. భీమవరం దగ్గర రొయ్యల చెరువులకి ఏరేటర్లూ (నీళ్లలో గాలి కలిపే యంత్రాలు) మందులూ అమ్మే డీలర్‌కి యాడ్స్ నడిపేవాణ్ణి. రాత్రి రెండింటి నుంచి నాలుగున్నర దాకా మెసేజ్‌లు వస్తుంటే, ఆ వేళ ఎవరు మేలుకుని ఉంటారు, ఇవి మనుషులు కాదు, బాట్లు (దొంగ క్లిక్కులు కొట్టే ప్రోగ్రాములు) అని తేల్చేసి ఆ గంటల్లో యాడ్ ఆపేశాను. పెద్ద తెలివైన పని చేసినట్టు ఆయనకి రిపోర్టు కూడా పంపాను. వారం తిరిగేసరికి ఎంక్వయిరీలు సగమయ్యాయి. ఆయన ఫోన్ చేసి, "మీరెప్పుడైనా చెరువు గట్టు మీద పడుకున్నారా అండీ?" అన్నారు. తెల్లవారుజామునే నీళ్లలో ఆక్సిజన్ బాగా పడిపోతుంది, రొయ్య పైకి తేలితే పంట పోయినట్టే. రైతు టార్చి పట్టుకుని గట్టు మీదే ఉంటాడు, చేతిలో ఫోన్ ఉంటుంది. అంకె సమయం చెప్పింది గానీ కారణం చెప్పలేదు. కారణం గట్టు మీద ఉంది, నేనేమో ఏసీ గదిలో ఉన్నాను.

ఆ గంటలు మళ్లీ తెరిచి ఫొటో కూడా మార్చాం. పగటి ఎండలో మెరిసే ఏరేటర్ తీసేసి చీకట్లో చెరువు, టార్చి వెలుగు, కింద ఒకే ఒక్క వరుస: "ఈ టైములో కూడా ఫోన్ ఎత్తుతాం." ఆయన నిజంగానే ఎత్తేవారు, లేకపోతే ఆ వరుస రాసేవాణ్ణి కాదు.

అపోహ: ఒకసారి హిట్టయిన యాడ్‌ని కదపకూడదు. దీని తమ్ముడు ఇంకోటుంది: రోజూ ఏదో ఒకటి మారుస్తూ ఉండాలి.

రెండూ తప్పే. ఆ డబ్బా వీడియో మూడో నెలకి చప్పబడింది. ఫ్రీక్వెన్సీ ఆరు దాటింది, అంటే సగటున ఒక్కొక్కరు ఆరుసార్లు పైగా చూసేశారు, కొనేవాళ్లు కొనేశారు. సంక్రాంతి ముందు "పండక్కి అందాలంటే ఏ తేదీలోపు చెప్పాలి" అన్న వీడియోకి మారాం. అలాగని పొద్దున బడ్జెట్ పెంచి, సాయంత్రం ఫొటో మార్చి, రాత్రి ఏరియా మారిస్తే అదీ పనిచేయదు. ఫేస్‌బుక్, ఇన్‌స్టా నడిపే మెటా సిస్టమ్ కుదురుకోవడానికి ఒక యాడ్ సెట్‌కి (ఒకే బడ్జెట్, ఒకే జనం కింద పెట్టిన యాడ్స్ కట్టకి) వారంలో సుమారు 50 ఫలితాలు, అంటే మీరడిగిన మెసేజ్‌లో ఆర్డర్లో, కావాలి, మీరు పెద్ద మార్పు చేసిన ప్రతిసారీ లెక్క మళ్లీ మొదలు. నాటిన నారు వేరు పట్టిందో లేదో చూద్దామని రోజూ పీకి చూస్తే ఏమవుతుంది?

మిగతావి గబగబా. పోస్టు కింద ఉండే బూస్ట్ బటన్ నొక్కి డబ్బు కట్టడమే మార్కెటింగ్ అనుకోవడం: కాదు, అది సగం తాళాలే ఉన్న గుత్తి. ఫాలోవర్లను కొనడం: పారేసిన డబ్బు, దీని గురించి ఇక మాట్లాడను. మొత్తం ఏఐ చూసుకుంటుందనడం: బొమ్మలూ వాక్యాలూ పది రకాలు ఇస్తుంది, పనికొస్తుంది, కానీ గట్టు మీద పడుకున్న రైతు దానికి తెలియదు. మనం చెప్పాలి. పదివేలు పెడితే పదివేల యాడ్స్ వస్తాయనుకోవడం: 18 శాతం జీఎస్టీ ఉంది, ముందే లెక్కేసుకోండి. గూగుల్ యాడ్స్‌లో ఊరు పేరు పెడితే యాడ్ ఆ ఊరివాళ్లకే కనిపిస్తుందనుకోవడం: సెట్టింగ్ మార్చకపోతే ఆ ఊరి మీద ఆసక్తి చూపిన బయటివాళ్లకి కూడా కనిపిస్తుంది. నర్సరీలకి పేరున్న కడియంలో ఇళ్ల ముందు పచ్చిక పరిచే ఒకాయనకి నెలంతా ఎక్కడెక్కడి నుంచో మొక్కల హోల్‌సేల్ రేట్లు అడుగుతూ ఫోన్లొచ్చాయి. పాపం అందరికీ ఓపిగ్గా పక్క నర్సరీ నంబర్ ఇచ్చారు. పక్క నర్సరీ ఆయన మాత్రం ఆ నెల చాలా సంతోషంగా ఉన్నారు.

పూతరేకులావిడ పుస్తకం ఇప్పుడు మూడోది నడుస్తోంది. ఈ నెల అందులో ఎక్కువసార్లు పడిన ప్రశ్న, "బెల్లంవి అయితే షుగర్ ఉన్నవాళ్లు తినొచ్చా?" దాని మీద వీడియో చేద్దాం బాబూ, బాగా పోతాయి అంటున్నారు. పోతాయి, నాకూ తెలుసు. కానీ బెల్లం తిన్నా షుగర్ పెరుగుతుంది, చేయనని చెప్పాను. రెండు రోజులుగా ఆవిడ నాతో సరిగ్గా మాట్లాడటం లేదు.