జమిలి బిల్లులో మధ్యంతరం మాట: మూడున్నరేళ్లలో మూడుసార్లు ఓటేసిన జిల్లా

లోక్‌సభకు, అసెంబ్లీలకు ఒకేసారి జరిపే జమిలి ఎన్నికల కోసం 2024 డిసెంబరులో లోక్‌సభలో పెట్టిన 129వ రాజ్యాంగ సవరణ బిల్లు మీద చర్చంతా ఖర్చు చుట్టూనే తిరుగుతోంది. అందులో ఇంకో ముఖ్యమైన సంగతి ఉంది. సభ మధ్యలో రద్దయితే, ఆ తర్వాత ఎన్నికైన సభకు ఐదేళ్లు ఉండవు. పాత సభకు మిగిలిన కాలమే దక్కుతుంది. దీని బరువు తెలియాలంటే 1996-99 నాటి తిరుపతి, చిత్తూరు అనుభవం చూడాలి.

1996లో ఎవరికీ మెజారిటీ రాలేదు. వాజ్‌పేయి 13 రోజులకే దిగిపోయారు. మన నారావారిపల్లె చంద్రబాబు కన్వీనర్‌గా ఉన్న యునైటెడ్ ఫ్రంట్ కాంగ్రెస్ మద్దతుతో దేవెగౌడను, ఆయన తర్వాత గుజ్రాల్‌ను ప్రధానిని చేసింది. రాజీవ్ గాంధీ హత్య వెనుక కుట్రపై విచారించిన జైన్ కమిషన్ నివేదిక బయటికొచ్చాక, ఫ్రంట్‌లోని తమిళనాడు పార్టీ డీఎంకే మంత్రులను తప్పించాలని కాంగ్రెస్ పట్టుబట్టింది. ఫ్రంట్ ఒప్పుకోలేదు, మద్దతు పోయింది.

1998లో మళ్లీ ఎన్నికలు. వాజ్‌పేయికి తెలుగుదేశం బయటి నుంచి అండగా నిలిచింది, ఆ పార్టీకి చెందిన బాలయోగి స్పీకర్ అయ్యారు. అన్నాడీఎంకే తప్పుకోవడంతో 1999 ఏప్రిల్ 17న విశ్వాస పరీక్ష వచ్చింది. అప్పటికే ఒడిశా ముఖ్యమంత్రి అయిన గిరిధర్ గమాంగ్ ఇంకా ఎంపీ పదవి వదల్లేదు. ఆయన ఓటేయొచ్చా అని గొడవ లేస్తే, బాలయోగి ఆ నిర్ణయం ఆయన మనస్సాక్షికే వదిలేశారు. గమాంగ్ ఓటేశారు. అనుకూలం 269, వ్యతిరేకం 270. కూలగొట్టినవాళ్లు కొత్త ప్రభుత్వాన్ని మాత్రం కూర్చలేకపోయారు. సభ రద్దయింది.

చిత్తూరు మూడుసార్లూ తెలుగుదేశం అభ్యర్థి రామకృష్ణారెడ్డినే పంపింది. తిరుపతి అలా కాదు. 1998లో కాంగ్రెస్ అభ్యర్థి చింతా మోహన్‌ను గెలిపించి, 1999లో తెలుగుదేశం పొత్తుతో నిలబడ్డ బీజేపీ అభ్యర్థి వెంకటస్వామికి పట్టం కట్టింది.

ఇప్పటి బిల్లు లెక్క ఆనాటికి వేసి చూడండి. 1996 మేలో కొలువుదీరిన సభ గడువు 2001 మే. 1998లో గెలిచినా, 1999లో గెలిచినా గడువు అదే. అంటే తిరుపతి అంత ఆలోచించి మార్చుకున్న తీర్పుకు దక్కేది ఏడాదిన్నర పైచిలుకు. ఇది ఓటు విలువను కోసేయడమే. పైగా ఆ మిగిలిన కాలంలోనూ ప్రభుత్వం పడిపోదన్న భరోసా లేదు.

నిలకడే కావాలంటే జర్మనీ పద్ధతి ఉంది. అక్కడ అవిశ్వాసంతో ఛాన్సలర్‌ను దించాలంటే, అదే ఓటుతో కొత్త ఛాన్సలర్‌ను ఎన్నుకోవాలి. 1982లో ష్మిట్‌ను దించి కోల్‌ను కూర్చోబెట్టింది అలాగే. మన లా కమిషన్ కూడా 1999లోనే ఇలాంటి సిఫార్సు చేసింది. బిల్లులో దాని ఊసే లేదు.